కొమ్ము కోసిన శనివారం

పొట్టేలు కొమ్ములో నెత్తురుంటుందని మా ఆయనకు తెలియదు. నాకు తెలుసు, చెప్పాను కూడా. ఆయన వినలేదు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసేవాళ్ళకు ఈ లోకంలో తెలియని సంగతంటూ ఉండదు కదా.

మేం దేశం విడిచొచ్చి బ్లాంచర్డ్స్‌టౌన్‌లో ఉంటున్నాం. నేను ఆసుపత్రిలో నర్సును. ఆదివారాలు మా తెలుగు ఫెలోషిప్ ఒక స్కూలు హాల్లో కూడుతుంది. ప్రార్థన మొదలయ్యే ముందు కొమ్ము బూర ఊదడం మా ఆయన పని. యూదుల షోఫార్ అది. బైబిల్లో ఉంది కాబట్టి మనమూ ఊదాలని ఎవరో మొదలుపెట్టారు, ఈయన దాన్ని పట్టుకుని వదల్లేదు. ఆన్‌లైన్‌లో కొన్న నల్లటి కొమ్ము పెట్టుకుని కళ్ళు ఎర్రబడేదాకా ఊదేవాడు. పిల్లలు చెవులు మూసుకునేవాళ్ళు.

అప్పట్లో నా వార్డులో ఒక యూదు పెద్దాయన ఉండేవాడు. జంతుశాస్త్రం పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. వాళ్ళ ప్రార్థనామందిరంలో ఏళ్ళ తరబడి షోఫార్ ఊదాడట. ఫోన్‌లో మా ఆయన ఫొటో చూపిస్తే కళ్ళద్దాలు సర్దుకుని చూసి, "ఇది ఆవు కొమ్ము. మా ధర్మశాస్త్రం ఒప్పుకోదు," అన్నాడు. పూర్వం వాళ్ళవాళ్ళు బంగారు దూడకు మొక్కిన పాపం గుర్తుకొస్తుంది గనుక ఆవులవీ ఎద్దులవీ వద్దంటారట. బైబిల్లో ఇస్సాకు అనే బిడ్డకు బదులు బలైన జీవానికి గుర్తుగా పొట్టేలు కొమ్మే శ్రేష్ఠం. నిలువునా చీలినది పనికిరాదు. దుప్పి కొమ్ము అసలే కుదరదు, అది పూర్తిగా ఎముక, ఏటా రాలి మళ్ళీ మొలుస్తుంది. పొట్టేలుదైతే పైన గోరులాంటి తొడుగు, లోపల పుర్రెలోంచి పెరిగిన ఎముక. చచ్చిన పొట్టేలు కొమ్మును ఉడకబెట్టి ఆ ఎముక ఊడబెరికితే అప్పుడు బోలు కొమ్ము మిగులుతుంది. బతికున్నంతకాలం ఆ ఎముకలో నెత్తురు పారుతూనే ఉంటుందని మరీ మరీ చెప్పాడు.

ఇంటికొచ్చి ఇదంతా చెప్తే మా ఆయన చెవికెక్కింది ఒక్కటే, పొట్టేలు కొమ్ము కావాలని.

నాతో పనిచేసే నర్సు తండ్రికి డండాక్ ఊరి అవతల కొండ కింద గొర్రెలున్నాయి. భార్య పోయి ఒంటరిగా ఉండే ముసలాయన. ఆ ఏడాది ఆయన దిగులంతా ఒక్క పొట్టేలు గురించే. తల్లి చచ్చిపోతే వంటింట్లో పొయ్యి పక్కన పడుకోబెట్టి, సీసాతో పాలు పట్టి పెంచుకున్నాడు. దాని ఎడమ కొమ్ము వంకర తిరిగి, కొన సరిగ్గా కంటి కిందికి వచ్చేసింది. ఇంకొంచెం పెరిగితే కంట్లో దిగుతుంది. పశువుల డాక్టర్ వచ్చే వారం వస్తానన్నాడట. ఈ సంగతి వినగానే మా ఆయన ఆ ముసలాయనకు ఫోన్ చేసి, తమది ఒంగోలని, ఎద్దుల కొమ్ములు చెక్కడం తమకు పుట్టుకతో వచ్చిన విద్య అని, కోసిన ముక్క తనకిస్తే చాలని ఒప్పించాడు. నిజానికి కొమ్ములు చెక్కింది వాళ్ళ తాత. ఈయన వేసవి సెలవులకు వెళ్ళినప్పుడు పలుపు పట్టుకున్నాడు, అంతే.

కార్లో మళ్ళీ చెప్పి చూశాను.

"ఏవండీ, లోపల ఎముకుంటదంట. నెత్తురొస్తదని చెప్పాడు ఆ పెద్దాయన."

"మా తాత చెక్కితే ఏ రోజన్నా చుక్క నెత్తురు కారిందా? గోరు కత్తిరిస్తే నీకు నొప్పేస్తదా?"

"మీ తాత పైపైన గీకాడు. మీరు రంపం తెచ్చారు."

"అక్కడికొచ్చి ఆయన ముందు నా పరువు తీయమాక."

మేం వెళ్ళేసరికి పక్క పొలంలో రెండు కుర్ర పొట్టేళ్ళు కొట్టుకుంటున్నాయి. వెనక్కి వెనక్కి నడిచి, పరుగున వచ్చి నుదురూ నుదురూ గుద్దుకుంటున్నాయి. ఒకదాని ముక్కులోంచి నెత్తురు కారుతున్నా ఆగలేదు. ఆ చప్పుడు నా దవడల్లో తెలిసింది. మా ఆయన వాటిని ముచ్చటగా చూశాడు.

ముసలాయన తన పొట్టేలును కొట్టంలో మూలకు తెచ్చి, తల మోకాళ్ళ మధ్య ఇరికించుకున్నాడు. కొన దగ్గర వేలితో గీత గీసి చూపించాడు. "ఇక్కడిదాకానే. ఇదంతా చచ్చిన కొమ్ము. కిందికి రావద్దు, కింద వాడి ప్రాణమే ఉంటుంది," అన్నాడు. నేను కుడి కొమ్ము పట్టుకున్నాను. మా ఆయన బ్యాటరీ రంపం పెట్టాడు. కాలిన వెంట్రుకల వాసన వచ్చి, కొన తెగి గడ్డిలో పడింది. చుక్క నెత్తురు రాలేదు. కన్ను దక్కింది.

"గ్రాండ్, సరిపోయింది," అన్నాడు ముసలాయన. ఊపిరి వదిలి, పట్టు సడలించి, దాని మెడ మీద తట్టాడు.

అంతటితో అయిపోవలసింది. మా ఆయన కింద పడ్డ ముక్క తీసి చూశాడు. లోపలిదాకా గట్టిగానే ఉంది, బోలు లేదు. ఊదడానికి ఎందుకూ పనికిరాదు. ఆయన మొహం మాడిపోయింది. రంపం జానెడు కిందికి పెట్టాడు.

"ఏవండీ, అక్కడ కాదు," అన్నాను.

"ఇంకొక్క ముక్కే," అన్నాడు, మీట నొక్కేశాడు.

నెత్తురు చిమ్మి గోడ మీదికి కొట్టింది, ఆయన మొహం మీదికి కొట్టింది. గుండె కొట్టుకున్నప్పుడల్లా ఎగజిమ్మింది. పొట్టేలు అరవలేదు. ముసలాయన్ని ఒక్క విదిలింపుతో గడ్డిలో పడేసి, మా ఆయన పొత్తికడుపులో గుద్దింది. ఆయన గోడకు కొట్టుకున్నాడు. లేచేలోగా వెనక్కి నడిచి, పరుగున వచ్చి పక్కటెముకల మీద గుద్దింది. విరిగిన చప్పుడు నాకు వినిపించింది. సగం తెగిన కొమ్ము దాని చెంప మీద వేలాడుతోంది. కంట్లోకి నెత్తురు కారి దారి కానక గేటును గుద్దుకుంది. ముందుకాలు కడ్డీల మధ్య ఇరుక్కుంది. అది గుంజుకుంది. కాలు ఫట్టున విరిగింది.

నేను స్వెటర్ విప్పి, దాని తల మీద పడి కొమ్ము మొదట్లో అదిమి పట్టాను. ఉన్ని తడిసి వేళ్ళ మధ్యలోంచి వెచ్చగా కారింది. తెగిన చోట బుడగలు వస్తున్నాయి. ఆ ఎముక బోలులోకి ఊపిరి కూడా వెళ్తుందని అప్పుడే చూశాను. వెనక నుంచి మా ఆయన నన్ను పిలుస్తున్నాడు. నేను తిరగలేదు. ఆ క్షణంలో నాకు ఆయన బతకడం కంటే అది బతకడమే ముఖ్యమనిపించింది.

ముసలాయన కుంటుతూ వచ్చి కాలు చూశాడు. ఎముక బయటికొచ్చింది. ఇంట్లోకి వెళ్ళి తుపాకీ తెచ్చాడు. పొట్టేలు పక్కన మోకాళ్ళ మీద కూర్చుని దాని చెవి వెనక కాసేపు గోకాడు.

"ఇక చెయ్యి తీసెయ్యమ్మా," అన్నాడు.

తీశాను. పేల్చాడు. దాని తల నా ఒళ్ళో పడింది.

తర్వాత ఆయన చేతిరంపం తెచ్చి, కుడి కొమ్మును మొదలంటా తిన్నగా కోశాడు. దాణా సంచికి తుడిచి మా ఆయన ముందు పెట్టాడు.

"దీనికోసమే కదా వచ్చారు," అన్నాడు.

మా ఆయన గోడకు ఆనుకుని పక్క పట్టుకుని కూర్చున్నాడు. పళ్ళ నిండా నెత్తురు. రెండు చేతులూ చాచి ఆ కొమ్ము అందుకుని, "థాంక్యూ అంకుల్," అన్నాడు.

జీవితంలో మొదటిసారి మా ఆయన్ని కొట్టాలనిపించింది. కొట్టలేదు, పక్కటెముకలు విరిగిన మనిషి, నేను నర్సును. ఆయన్ని నడిపించుకెళ్ళి కార్లో కూర్చోబెట్టి వెనక్కి వచ్చాను. ముసలాయన బకెట్‌తో నీళ్ళు పోసి చీపురుతో గచ్చు కడుగుతున్నాడు. నేను వెళ్ళి ఆ చీపురు పట్టుకున్నాను. ఆయన వదల్లేదు.

"ఇంటికి వెళ్ళమ్మా," అన్నాడు.