తుపాకికి మెల్లకన్ను

నా చిన్నప్పుడు ఖాజాగూడ రాళ్ల వెనుక మాకు పల్లి చేను ఉండేది. అది ఏ సంవత్సరమో చెప్పలేను. నా పుట్టిన తేదీనే బడిలో పంతులు ఉజ్జాయింపుగా వేశారు. దాని మీద ఆధారపడి మరొక తేదీ లెక్కగట్టడం సబబు కాదు. చేను ఉన్నచోట ఇప్పుడొక అద్దాల భవనం ఉంది. దాని అంతస్తులు రెండుసార్లు లెక్కపెట్టాను. రెండుసార్లూ ఒకే సంఖ్య రాలేదు కనుక అదీ రాయను.

చేనుకు అడవిపందుల బెడద ఉండేది. వాటి కోసం మా తాతయ్య దగ్గర లైసెన్సున్న రైఫిల్ ఒకటి ఉండేది. ఆయన పేల్చినప్పుడల్లా పంది క్షేమంగా వెళ్లిపోయేది, ఆ వెంటనే కారణం సిద్ధమయ్యేది. గాలి వీచింది, కళ్లలో ఎండ పడింది, తూటా చెమ్మగిల్లింది, సరిగ్గా అప్పుడే మా నాయనమ్మ దగ్గింది. ఊరివాళ్లు మాత్రం వయసుతో ఆయన చేయి వణుకుతోందని తేల్చేశారు. లోలోపల ఆయనకూ అదే భయం. సాసర్‌లో పోసుకుని తాగే చాయ్‌ని ఆయన గ్లాసులోనే తాగడం మొదలుపెట్టారు.

ఆ భయాన్ని నాయనమ్మ తమ్ముడు పదిమందిలో బయటపెట్టాడు. ఆదివారం రాతి మీద కుండ పెడదామని, ఇద్దరూ తలా ఒక తూటా పేల్చాలని, బావ కొట్టలేక తాను కొడితే లైసెన్సు తన పేరిట మార్పించాలని అన్నాడు. తాతయ్య పౌరుషానికి పోయి ఒప్పుకున్నారు. ఆ పూట అన్నం సగంలోనే వదిలేసి లేచారు.

మర్నాడు పొద్దున్నే నాయనమ్మ బీర పాదు కోసం ఉంచిన మూడు వెదురు కర్రలు తీసింది. పైనుంచి జానెడు వదిలి తాడుతో కట్టి, కాళ్లు ఎడంగా జరిపి నిలబెట్టింది. కదలకుండా ముడికి ఇసుక సంచి వేలాడదీసింది. కర్రలు కలిసేచోట పాత చీర మడత వేసి, తుపాకిని దానిపై ఆనించమంది. తాతయ్యకు అవమానమనిపించింది.

“నాకు కాళ్లున్నయ్. తుపాకికి కాళ్లెందుకే?”

నాయనమ్మ వెళ్లి రాతి మీద సున్నంతో బొట్టు పెట్టి వచ్చింది. నన్ను తన కొంగు పట్టుకుని వెనకాలే నిలబడమంది. తాతయ్య మూడు తూటాలు పేల్చారు. సున్నపు బొట్టు చెక్కుచెదరలేదు. ఆయన తుపాకిని కర్రల మీదే వదిలేసి నేల మీద కూలబడ్డారు. ఆ తుపాకేదో బామ్మర్దికే ఇచ్చెయ్యమన్నారు. ఆ గొంతు నేను అంతకుముందు వినలేదు.

నాయనమ్మ రాతి దగ్గరికి వెళ్లి, బొట్టుకు ఎడమ పక్కన అరచేయి ఆనించి పిలిచింది.

“జర ఇటు రాయ్యా. మూడు దెబ్బలూ నా అరచేతి కిందనే దాగినయ్. నీ చెయ్యి వణికితే తలా ఒక దిక్కు పోవాలె గదా? నీకేం కాలే. మెల్లకన్ను తుపాకికి.”

తాతయ్య ఆమె చేయి ఎత్తి చూశారు, దించి చూశారు, మళ్లీ ఎత్తి చూశారు. తర్వాత తన చేతిని ముందుకు చాచి, తప్పిపోయి దొరికిన వస్తువును చూసినట్టు చూసుకున్నారు. ఈసారి బొట్టుకు అరచేతి వెడల్పున కుడివైపు గురిపెట్టి పేల్చారు. సున్నం ఎగిరిపోయింది.

ఆదివారం ఊరు కదిలి వచ్చింది. మూడు కర్రలను చూసి బామ్మర్ది గారు తృప్తిగా నవ్వారు.

“తుపాకికి కాళ్లు పెట్టినవ్ బావా. ఇగ అదే పోయి పందిని కొట్టుకొస్తదేమో.”

తాతయ్య కుండకు కుడివైపున్న శూన్యానికి శ్రద్ధగా గురిపెట్టారు. కుండ పెంకులైంది. రెండో కుండ పెట్టారు. కర్రల సాయం తన వంటివాడికి అక్కర్లేదని బామ్మర్ది తుపాకిని భుజానికి ఎత్తి, కుండ నడిబొడ్డుకు నిఖార్సుగా గురిచూసి పేల్చాడు. కుండ అలాగే ఉంది.

“ఏంది తమ్మీ, గాలా?” అంది నాయనమ్మ.

కళ్లలో ఎండ పడ్డదక్కా అన్నాడాయన. ఆ రోజు మబ్బు పట్టి ఉంది. ఈ విషయం మాత్రం నేను కచ్చితంగా చెప్పగలను. పగలని కుండను నాయనమ్మ చంకన పెట్టుకుని ఇంటికి తెచ్చింది.

భోజనాల దగ్గర ఆమె తమ్ముడికి నిజం చెప్పేసింది. ఆయన ముద్ద మధ్యలో ఆపి, ముందే చెప్తే ఏం పోయిందని అడిగాడు.

“నువ్వు తుపాకి సంగతి అడిగినవా? మా ఆయన చెయ్యి వణుకుతదన్నవ్, గంతే గదా.”

ఆయన ఆపిన ముద్ద మింగి, ఇంకొంచెం పప్పు వెయ్యమన్నాడు.

పందుల సంగతికి వస్తే, ఆ తర్వాత ఎన్ని పడ్డాయో నాకు లెక్క తెలియదు. తెలిసిందల్లా, తాతయ్య మళ్లీ సాసర్‌లో చాయ్ తాగారు. తుపాకి మెల్లను బాగు చేయించనూ లేదు. అలా ఉన్నంతకాలం దాన్ని ఎవరూ అరువు అడగరని ఆయన ధీమా.

పెద్దయ్యాక బాలానగర్‌లోని ఒక కర్మాగారంలో కొలతలు సరిచూసే ఉద్యోగం చేశాను. ముక్క తప్పు వచ్చిందని ఎవరైనా కార్మికుణ్ని నా ముందుకు తెస్తే, యంత్రాన్ని కదలకుండా బిగించి మరో మూడు ముక్కలు తీయమనేవాణ్ని. మూడూ ఒకే వైపు ఒకే మేరకు తప్పితే, ఆ మనిషిని చాయ్‌కి పంపి యంత్రం సంగతి చూసేవాణ్ని.

ఇప్పుడు ఉదయం నడకలో, ఖాజాగూడలో ఇంకా మిగిలిన రాళ్ల వైపు వెళ్తుంటాను. ఒక రాతి మీద పక్కపక్కనే మూడు సొట్టలున్నాయి. అవి ఆ తూటాలవేననడానికి ఆధారం లేదు. నా అరచేయి ఆనిస్తే మూడూ దాగుతాయి. అదీ ఆధారం కాదు. అయినా రోజూ ఆనిస్తాను. ఈ మధ్య నా చేయి వణుకుతోందని ఇంట్లో అంటున్నారు. కర్రలు కట్టి మూడుసార్లు చూడకుండా నేను ఒప్పుకోనని చెప్పాను.