పెద్దోడని రాసుకోండి

మా ధవళేశ్వరంలో గోదారి గట్టు పొడుగునా దెయ్యం కథలకి కొదవ లేదు. వాటిలో ఒక్కటీ నేను నమ్మలేదు. సీసాలో ముక్క, సీసా మీద పేరు, కాగితం మీద వేలిముద్ర. నాకు నిజమంటే ఇంతే. ఇప్పుడు చెప్పబోయేదానికి కూడా కాగితం ఉంది కాబట్టే చెబుతున్నాను.

తొంభైల చివర్లో రాజమండ్రిలో ఒక ఆసుపత్రిలో పనిచేసేదాన్ని. కడుపులో క్యాన్సర్ ఎవరికి, ఎందుకు వస్తోందో మా డాక్టరుగారు పరిశోధన చేస్తుండేవారు. ఆయన నోట్లోంచి గొట్టం వేసి కడుపులోంచి తీసిన చిన్న ముక్కల్ని సీసాల్లో వేసి పేర్లు అంటించడం నా పని. రోగి ఏం తింటాడో ఇంట్లోవాళ్ళని అడిగి, ఫారం నింపి, వేలిముద్ర తీసుకునేదీ నేనే. నా దస్తూరీ ముత్యాల్లా ఉంటుందని కాస్త పొగరు కూడా ఉండేది.

ఒకరోజు ఉప్పాడ నుంచి ఇద్దరు చేపల వేటగాళ్ళు వచ్చారు. అన్నదమ్ముల పిల్లలు. ఇద్దరికీ తాతగారి పేరే పెట్టారు, తాతారావు అని. ఇంటిపేరూ ఒకటే. వయసులో పెద్దవాడు పెదతాతారావు, రెండోవాడు చినతాతారావు. ఇద్దరికీ కడుపులో పుండే. రిపోర్టులు వచ్చాయి. పెదతాతారావుకి మాత్రలిచ్చి పంపేశాం. చినతాతారావుది క్యాన్సర్ అన్నారు. సగం పైగా కడుపు తీసెయ్యాలని వార్డులో చేర్చారు.

ఆపరేషన్‌కి ముందురోజు పదకొండింటికి, ఓపీ జనంతో కిటకిటలాడుతుంటే, ఒక ముసలావిడ వచ్చి నా బల్ల ముందు కూర్చుంది. నీలం నేతచీర, ఒళ్ళో ఖాళీ చేపలగంప. ఉప్పాడ వాళ్ళిద్దరికీ నానమ్మనంది. తిండి సంగతులు చెప్పడానికి వచ్చిందనుకుని ఫారం తీసి, ఎవరి గురించో పేరు చెప్పమన్నాను.

"ఆ పేరు నేను అనకూడదండి అమ్మాయిగారూ. మా ఇంటాయన పేరది. పెద్దోడని రాసుకోండి."

నవ్వొచ్చింది. అలాగే రాశాను. పెద్దోడు ఆర్నెల్లుగా చేప ముట్టడం లేదట. పెళ్ళాం చూడకుండా పులుసు ముక్కలు పిల్లికి వేసేస్తున్నాడట.

"చేపలు పట్టేవోడికి చేపే వెగటైతే జబ్బు ఎవరిదండి? చిన్నోణ్ణి కొయ్యకండి."

వేలిముద్ర వేసి లేచి వెళ్ళిపోయింది.

చేపా మాంసమూ వెగటు పుట్టడం ఈ జబ్బు గుర్తుల్లో ఒకటని డాక్టరుగారు ఎప్పుడూ చెప్పేవారు. పైగా వాళ్ళకి గొట్టం వేసిన రోజు, పేర్లు ఒకటే కదా అని రెండు సీసాలకీ ముందే చీటీలు రాసి అంటించేశాను. ముక్కలు వేశాక పేర్ల ముందు 'పెద', 'చిన' చేర్చాను. ఏ సీసాలో ఎవరి ముక్క వేశానో ఎంత తలుచుకున్నా గుర్తు రాలేదు.

ఉద్యోగం పోతుందని భయం. వార్డు గుమ్మం దాకా రెండుసార్లు వెళ్ళి వెనక్కొచ్చాను. మూడోసారి లోపలికి తొంగిచూస్తే చినతాతారావు నర్సుకి కనపడకుండా గోడవైపు తిరిగి, క్యారేజీలో చేపలపులుసు లొట్టలేసుకుంటూ తింటున్నాడు. తిన్నగా డాక్టరుగారి దగ్గరికి వెళ్ళి తప్పు ఒప్పేసుకున్నాను.

చెడామడా తిట్టారు. ఆపరేషన్ ఆపి, పెదతాతారావుని రప్పించి, ఇద్దరికీ మళ్ళీ గొట్టం వేశారు. జబ్బు పెదతాతారావుదే.

అతనికి ఆపరేషన్ అయిన రెండు నెలలకి ఎలా ఉన్నాడో చూడ్డానికి ఉప్పాడ వెళ్ళాను. తేరుకున్నాడు. మీ నానమ్మగారికి ఒక దణ్ణం పెట్టుకుని వెళ్తానన్నాను. అతని భార్య నా మొహం వంక అదోలా చూసింది. ఆవిడ పోయి తొమ్మిదేళ్ళయిందట. ఆవిడున్న ఇల్లు కూడా సముద్రంలో కలిసిపోయిందట.

వీధిలోవాళ్ళు ఎవరో వచ్చుంటారని సర్దుకోబోయాను. అతని వివరాలు రాసుకోవడానికి తెచ్చిన ఆ ఫారం సంచిలోంచి తీసి చదివాను. పిల్లి సంగతి ఆ భార్యకే తెలియదు. పెదతాతారావు పెద్దోడన్న మాట మళ్ళీ చదవమన్నాడు.

"ఊరంతా మమ్మల్ని పెదతాత, చినతాత అంటారండి. పెద్దోడు, చిన్నోడు అన్నది నానమ్మ ఒక్కతే."

అతను ఆ తర్వాత చాలా ఏళ్ళు వేటకి వెళ్ళాడు. వచ్చినావిడ ఎవరో నాకు ఇప్పటికీ అంతుచిక్కలేదు. ఆ ఫారం ఫైల్లో పెట్టేముందు, 'రోగికి ఏమవుతారు' అన్న గడిలో నా ముత్యాల దస్తూరీతో రాసిన 'నానమ్మ' మీద ఎన్నిసార్లు పెన్ను ఆనించానో. కొట్టెయ్యడానికి చెయ్యి రాలేదు.