ఛార్జింగ్ పెట్టిన మనిషి

మా విద్యుత్ దహనశాలలో కొలిమి నడిపేది అక్క. నాకు సొంత అక్క కాదు, పని నేర్పిన మనిషి. ఎవరు ఎంత ఏడుస్తున్నా సరే, శవాన్ని లోపలికి పంపే ముందు మొహం మీదే అడిగేస్తుంది, "ఒంట్లో బ్యాటరీ మిషనేమైనా ఉందా?" అని. కొందరికి ఒళ్లు మండుతుంది. మండితే మండనీ అంటుంది అక్క. బ్యాటరీ వేడికి పేలితే కొలిమి గోడలు బీటలు వారతాయి, దగ్గరున్నవాళ్లకు దెబ్బలు తగులుతాయి.

అలాంటి మిషన్ అక్క వాళ్లింట్లోనే ఉండేది. బావకు వణుకుడు జబ్బు. ఏళ్ల తరబడి బస్సు నడిపిన చేతులకు మంచినీళ్ల గ్లాసు నిలిచేది కాదు. డాక్టర్లు తలలోకి తీగలు వేసి, మెడ కింద చర్మం లోపల బ్యాటరీ పెట్టారు. అది నడిచినంతసేపు చెయ్యి నిలకడగా ఉండేది. ఛార్జింగ్ అయిపోతే వణుకు మళ్లీ మొదలు. అందుకని రోజూ సాయంత్రం అక్క ఆయన మెడకు ఛార్జరు పట్టీ తగిలించి, దాని బిళ్లను సరిగ్గా బ్యాటరీ మీదికి ఆనించేది. కదిలితే ఛార్జింగ్ ఎక్కదు. మనిషి దొరికాడు కదా అని, కూరగాయలు తరుగుతూ ఆ రోజు కోపాలన్నీ ఆయన మీద దులిపేసేది.

"ఛార్జింగ్ నాకా, మీ అక్క నోటికా?" అనేవాడు బావ నాతో.

ఆ బావ నిద్రలోనే పోయాడు. ఆయన్ని తీసుకొచ్చినప్పుడు డ్యూటీ నాది. అక్క కంట చుక్క నీరు లేదు. ఎవరో పరాయివాళ్లను తెచ్చినట్టు, ఏ బల్ల మీద పడుకోబెట్టాలో తనే చెప్పింది. నాకు అడగక తప్పలేదు.

"అక్కా, మిషన్ తీయించారా?"

"లేదు. తీయొద్దు."

"పేలుతుంది కదక్కా. నువ్వు నేర్పిందేగా."

"నిన్న సాయంత్రమే ఫుల్ చేశాను. ఇంకా నడుస్తోందిరా," అంది.

అక్కకు నేనెప్పుడూ ఎదురు చెప్పి ఎరగను. ఆ రోజు చెప్పాను, అది లోపలుంటే నేను మీట నొక్కనని. ఆ డ్యూటీ నాకే పడినందుకు ఒళ్లు మండిపోయింది. చివరికి అక్క తనే బావ చొక్కా గుండీలు విప్పింది.

ఆస్పత్రి నుంచి కాంపౌండర్‌ని పిలిపించాను. అతను కత్తి తీయగానే అక్క ఆపి, సంచిలోంచి మిషన్ రిమోట్ తీసిచ్చింది.

"ముందు రిమోట్‌తో ఆఫ్ చెయ్యి బాబూ. ఉండు, ఉండు. ఆగగానే చెయ్యి ఎగిరెగిరి పడుతుంది. నేను పట్టుకుంటాను."

బల్లకు అటువైపు వెళ్లి, బావ కుడిచేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని గట్టిగా అదిమి పట్టింది. కాంపౌండర్ నావైపు చూశాడు. కానివ్వమన్నట్టు తలూపాను. అతను మిషన్ ఆఫ్ చేసి, చిన్న గాటు పెట్టి, తీగ కత్తిరించి దాన్ని బయటికి తీశాడు.

అక్క వదల్లేదు. ఆ చేతినే చూస్తూ ఉంది. కాసేపటికి పట్టు కొంచెం సడలించింది. ఇంకాసేపటికి పూర్తిగా వదిలేసింది. చెయ్యి బల్ల మీద అలాగే ఉంది.

"వణకట్లేదురా," అంది అక్క. అప్పుడు ఏడ్చింది.