ఇటుకపొడితో తోమిన రాడ్లు

అడుగు బోల్టు విప్పగానే నా మోటారు సైకిలు ముందు ఫోర్కులోంచి కారిన పాత ఆయిలు కంపు, కుళ్ళిన చేపల కంపులాంటిది, విజయవాడలో మా అపార్టుమెంటు పార్కింగంతా కమ్ముకుంది. వాచ్‌మన్ ముక్కు మూసుకుని, "ఊళ్ళో మెకానిక్కులే లేరా సార్?" అన్నాడు. ఉన్నారు. అయినా ఆయిలు బయటికి కారకుండా ఆపే ఆ ఫోర్కు సీళ్ళు నా చేత్తోనే మార్చుకోవాలని, యాభై దాటాక, మొదటిసారి స్పానరు పట్టుకుని కూర్చున్నాను. ఎందుకో చెప్పాలంటే ఉయ్యూరులో మా తాతయ్య ఇంటి పెరట్లోకి వెళ్ళాలి.

ఆ ఇంటి ముందుగది బట్టల కొట్టు. గడపలో అడుగు పెడితే గంజి ఆరని నేతచీరల వాసన. వానలు తగ్గాక కాలవగట్టు బురద వాసన. చలి మొదలైతే ఫ్యాక్టరీకి బారులు తీరిన చెరుకు బళ్ళు, వాటి వెనక పరిగెత్తి గడలు లాక్కుని, బండివాడి తిట్లతో పాటు నమిలే మేమూ. దసరా వస్తోందంటే నాయనమ్మ బావి దగ్గర ఇత్తడి సామాను కుప్ప పోసి, చింతపండూ ఇటుకపొడీ కలిపి, బిందెలో మొహం కనపడేదాకా కొబ్బరిపీచుతో తోమేది. గారెలు వేగకముందే పండగ మా ముక్కులకి ఆ పులుపు వాసనగా చేరేది.

మా బాబాయి, నాన్న తమ్ముడు, కొట్లో కూర్చునేవాడేగానీ మనసు అక్కడ ఉండేది కాదు. చీరల మూటలతో చల్లపల్లి దాకా తిరిగే మోటారు సైకిలంటే ప్రాణం. విజయవాడలో రిపేరు షెడ్డు పెట్టుకుంటానని తాతయ్యని బతిమాలుతుండేవాడు. ఆ దసరా ముందు ఫోర్కు సీళ్ళు పోయి ఆయిలు కారడం మొదలైంది. తాతయ్య మీసం దువ్వుకుని, "నువ్వే వెయ్యరా చూద్దాం. పూజనాటికి బండి పొడిగా ఉంటే షెడ్డు మాట ఆలోచిస్తా" అన్నాడు.

బాబాయికీ అదే మొదటిసారి. గోనెసంచులు పరిచి, విప్పిన ప్రతి ముక్కనీ వరస తప్పకుండా పాత చీర మీద పేర్చి, అన్నానికి లోపలికి వెళ్ళాడు. సీళ్ళలోంచి పైకీ కిందికీ జారే ఫోర్కు రాడ్ల మీద జిడ్డుంది. బావి దగ్గర నాయనమ్మ వదిలేసిన ఇటుకపొడి ముద్ద ఉంది. పండగకి ఇవీ మెరవాలి కదా అనుకుని శక్తికొద్దీ తోమి, కడిగి ఎండలో పెట్టాను.

"ఓరి నీ! తళతళలాడించావు కదరా!" అని బాబాయి నా వీపు తట్టాడు. తర్వాత కొత్త సీళ్ళకి ఆయిలు రాసి, పసిబిడ్డకి చొక్కా తొడిగినంత నెమ్మదిగా ఎక్కించాడు.

ఆయుధపూజ నాడు బండికి గంధం బొట్లు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, బాబాయి వీధి చివరిదాకా వెళ్ళొచ్చాడు. వచ్చేసరికి రాడ్ల కింద గంధం ఆయిల్లో కరిగి కారుతోంది.

"రెండు రబ్బరు ముక్కలు కుదరలేదు, షెడ్డు పెడతాడంట షెడ్డు!" అన్నాడు తాతయ్య. వాకిట్లో చుట్టాలంతా నవ్వారు.

బాబాయి వంగి రాడ్డు మీద గోరు జార్చాడు. గోరు తట్టుకుంది. ఆ సన్నటి గీతలే సీళ్ళని కోసేశాయి. నా పక్కకొచ్చి, "దేంతో తోమావురా?" అన్నాడు.

"ఇటుకపొడితో, బాబాయ్."

చుట్టాల వైపు ఓసారి చూసి, "ఎవరికీ చెప్పమాక. తాతయ్య తంతాడు" అన్నాడు.

చెప్పలేదు. కొత్త రాడ్లు కావాలని బాబాయీ అడగలేదు. అడిగితే కారణం చెప్పాలి. సంక్రాంతి రాకుండానే బండి అమ్మేశారు. ఇక జీవితమంతా ఆ ముందుగదిలోనే రవికగుడ్డలు కొలిచాడు. వీధిలో మోటారు సైకిలు చప్పుడైతే చేతిలో గజంబద్ద ఆగేది, చప్పుడు దూరమయ్యాక మళ్ళీ కదిలేది. పెద్దవాణ్ణయ్యాక తాతయ్య తంతాడన్న భయం లేదు, తాతయ్యే లేడు. అయినా వెళ్ళిన ప్రతిసారీ బాబాయి తెప్పించిన సోడా తాగి, గొంతు దాకా వచ్చిన మాటని దాంతోపాటే మింగి వచ్చేవాణ్ణి. చెప్పమాకన్నది ఆయనే కదా అని సర్దుకునేవాణ్ణి. మొన్న ఆయన పెద్దకర్మ భోజనాల దగ్గర ఎవరో "మన మెకానిక్కుగారు" అంటూ ఆ కథే ఎత్తుకున్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఆ కొట్టు ఇప్పుడు సెల్‌ఫోన్ల దుకాణం. బావి పూడ్చేశారు. ఇత్తడి బిందెలు ఏమయ్యాయో తెలియదు. ఇటుకపొడి ఎవరికీ అక్కర్లేదు. ఆ కథ మాత్రం మా వాళ్ళ నోళ్ళలో ఇంకా ఉంది. అందుకే చెప్తున్నాను. బాబాయి సీళ్ళు సరిగ్గానే వేశాడు. రాడ్లు పాడుచేసింది నేను.

మెత్తటి నేతగుడ్డతో నా బండి రాడ్డు తుడిచి, గోటితో పైనుంచి కిందిదాకా రాశాను. ఎక్కడా తట్టుకోలేదు. సీళ్ళు ఎక్కించి, అన్నీ బిగించి, ముందు బ్రేకు పట్టుకుని బండిని బలంగా కిందికి అదిమాను. మళ్ళీ మళ్ళీ అదిమాను. పొడిగానే ఉంది.

వాచ్‌మన్ వంగి చూసి, "బానే కుదిరిందే! ఎవరి దగ్గర నేర్చుకున్నారు సార్?" అన్నాడు.

"మా బాబాయి దగ్గర" అన్నాను.