వెనక గేటు దాటని మా మేనత్త

మా మేనత్త పోయిందన్న కబురు రామాయంపేటలో నాకు అందిననాడు ప్రత్యేక రాష్ట్రం కోసం బంద్ నడుస్తోంది. బస్సుల్లేవు. స్టాండు ముందు నిలవలేక, కూర్చోలేక తిరిగాను. చివరికి మెదక్ వైపు వెళ్లే ఒక పాల ఆటో దొరికింది. దారిలో రోడ్డుకు అడ్డంగా కూర్చున్న కుర్రాళ్లు ఆపారు. "మా మేనత్త పోయింది తమ్మీ" అన్నాను. ఒకతను లేచి రాళ్లు జరిపాడు. బతికుంటే ఆమే వాళ్ల పక్కన కూర్చునేది.

కొత్త కంపెనీలొస్తున్నాయని అందరూ సంబరపడ్డ కాలంలో మేనత్త మెదక్ బయట ఒక నూలు మిల్లులో చేరింది. కాంట్రాక్టరు కింద పని. మిల్లు రికార్డుల్లో ఆమె పేరు లేదు. అట్లాంటి ఆడవాళ్లు చాలామందే ఉండేవాళ్లు. తనిఖీకి కార్మిక శాఖ ఆఫీసరు వస్తున్నాడంటే చాలు, సూపర్‌వైజర్ వాళ్లను వెనక గేటులోంచి మొక్కజొన్న చేనులోకి పంపేవాడు. "పిలిచినంక రాండ్రి" అనేవాడు.

ఒకసారి ఎండకు, కుల్చారం నుంచి వచ్చే గర్భిణి ఒకామె ఆ చేనులో సొమ్మసిల్లింది. ఆఫీసరు వెళ్లేదాకా లోపలికి రానివ్వలేదు. మేనత్త ఆమె తల ఒళ్లో పెట్టుకుని కొంగుతో విసురుతూ కూర్చుంది. తల్లీబిడ్డా దక్కారు. మేనత్తకు మాత్రం మనసు కుదుటపడలేదు. అన్నం ముందు కూర్చున్నదల్లా లేచి వాకిట్లో తిరిగేది.

"సట్టమున్నది కద చెల్లె" అన్నాడు మా నాయన ఒకరోజు.

"ఉన్నదన్నా. గా సట్టం ముంగటి గేట్ల నుంచి వస్తది. మమ్ముల ఎనక గేట్ల నుంచి ఎల్లగొడ్తరు. ఇద్దరం కలిసేదెట్ల?"

మళ్లీ తనిఖీ వచ్చింది. అందరూ వెళ్లారు, మేనత్త మిషన్ దగ్గర నుంచి కదల్లేదు. సూపర్‌వైజర్ బతిమాలాడు, బెదిరించాడు. "నేనేం దొంగతనం చేసిన్నా సారు, దాసుకునేతందుకు?" అంది. ఇంతలో ఆఫీసరు లోపలికొచ్చాడు. పేరడిగి రికార్డు చూశాడు, దొరకలేదు.

"నీ పేరు లేదు కదమ్మా."

"పేరు లేకుంటే మనిషి లేనట్టేనా? మరి గీ మిషన్ ఎవలు నడుపుతుండ్రు? బయట మక్కచేన్ల ఇంకా ఉన్నరు. జర పోయి సూడుండ్రి."

ఆఫీసరు బూట్లతోనే చేనులోకి నడిచాడు. మక్కల మధ్య నుంచి ఆడవాళ్లు ఒక్కొక్కరే లేచి నిలబడ్డారు.

తర్వాత వాళ్లందరి పేర్లూ రికార్డుకెక్కాయి. వారానికో రోజు సెలవు, జబ్బుచేస్తే దవాఖాన దక్కాయి. మేనత్తను మాత్రం పనిలోకి రావద్దన్నారు. నేను బాధపడితే, "నన్ను తీసేసిండ్రు గని ఆళ్లను దాయలేకపోయిండ్రు బిడ్డా" అంది.

అయినా ఊరుకునే మనిషి కాదు. ఉద్యోగం తిరిగి ఇవ్వాలని సంగారెడ్డిలో కార్మిక శాఖ ఆఫీసు చుట్టూ తిరిగింది. బంద్‌లతో, సమ్మెలతో విచారణ వాయిదా పడుతూనే ఉండేది. వాయిదా పడిననాడు విసుక్కునేది, మర్నాడు తానే వెళ్లి ఉద్యమ శిబిరంలో కూర్చునేది. "రాష్ట్రమొస్తే నీ కేసు గెలుస్తవా అత్తా?" అని అడిగాను. "రాష్ట్రం రావాలె. అయితే సట్టం దానంతట అది నడుస్తదనుకోకు. ఎవలో ఒకలు నిలవడాలె."

రాష్ట్రమూ రాలేదు, తీర్పూ రాలేదు. ఆమె వెళ్లిపోయింది. ఇంకొన్నాళ్లు ఆగి ఉంటే అన్న ఆలోచన నన్ను ఒక్కచోట కూర్చోనివ్వడం లేదు.

మూడోనాడు సాయంత్రం మిల్లు బస్సు మా వీధిలో ఆగింది. షిఫ్టు దిగిన ఆడవాళ్లు నేరుగా వచ్చారు. ఎవరూ గట్టిగా ఏడవలేదు. వంగి ఫొటో ముందు పూలు పెడుతుంటే వాళ్ల జుట్టులోంచి దూది పీచు రాలింది. వాళ్లు వెళ్లిపోయాక కూడా అది ఫ్యాన్ గాలికి నేల మీద నిలవకుండా గదంతా తిరుగుతూ ఉంది. చీపురు పట్టడానికి ఎవరికీ చెయ్యి రాలేదు.