డిక్కీలో ఐసు

మా బాబాయి వేడిని చూస్తే ఊరుకోలేడు. ఇస్త్రీపెట్టె, టీవీ వెనకభాగం, పక్కింటివాళ్ల నీళ్ల మోటారు, ఏది కనిపించినా చెయ్యి తిప్పి ఆనించి, "వేడెక్కుతోందిరా!" అని కంగారుపడతాడు. ఒకసారి ఇంటికొచ్చిన పెద్దమనిషి బట్టతల మీద చెయ్యి ఆనించబోతుంటే, పిన్ని చప్పున కాఫీ కప్పు అడ్డం పెట్టింది.

"ఇది మరీ వేడి!" అన్నాడు బాబాయి.

అలాంటివాడి చేతికి సూపర్‌ఛార్జర్ ఉన్న కారొచ్చింది. సూపర్‌ఛార్జర్ అంటే ఇంజన్‌లోకి గాలిని బలవంతంగా కూరే యంత్రం. అలా కూరితే గాలి కాగిపోతుంది, కాగిన గాలి మింగి ఇంజన్ నీరసపడుతుంది. అందుకని ఆ గాలిని చల్లార్చడానికి ఇంటర్‌కూలర్, అందులో తిరగడానికి కూలెంటు అనే చల్లటి ద్రవం, దాన్ని తిప్పడానికో బుల్లి పంపు, అన్నీ కారుతోపాటే వచ్చాయి. బాబాయికి చాలలేదు.

ముందు పంపు మార్చాడు. తర్వాత పెద్ద రేడియేటర్ బిగించాడు. చివరికి డిక్కీలో ట్యాంకు పెట్టి, కూలెంటును దానిగుండా తిప్పి, చుట్టూ ఐసు నింపడం మొదలుపెట్టాడు. మా ఫ్రిజ్ మొత్తం ఐసుకే అంకితమైపోయింది.

"వంకాయలెక్కడ పెట్టను?" అంది పిన్ని.

"డిక్కీలో పెట్టు. ఇంకా తాజాగా ఉంటాయి."

తన పనంతా బాబాయే చేసేసుకుంటున్న ఈ వైభవం చూసి మా వీధి మెకానిక్‌కి ఒళ్లు మండింది. కొండ రోడ్డు మీద తన పాత కారుతో పందేనికి రమ్మన్నాడు.

"నువ్వు ఓడితే ఇంక జన్మలో బానెట్ ఎత్తకూడదు అన్నయ్యా!"

బాబాయి మొహం పాలిపోయింది. అయినా పౌరుషం కొద్దీ సరేనన్నాడు.

"వదినని దింపెయ్యి, బరువు తగ్గుతుంది," అని ముందు సీట్లో ఉన్న పిన్నిని చూపించి సలహా కూడా ఇచ్చాడు మెకానిక్.

"తను రాకపోతే నేనూ రాను," అన్నాడు బాబాయి. వెనక సీట్లో నేనూ ఎక్కాను.

మొదటి మలుపుల్లో బాణంలా దూసుకుపోయాం. సగం కొండెక్కేసరికి కారుకి ఆయాసం వచ్చింది. మెకానిక్ మమ్మల్ని దాటుతూ చెయ్యి ఊపాడు. ఆ చెయ్యి ఊపడంలో మర్యాద బొత్తిగా లేదు.

పైకి చేరాక అతనే మా కారు బానెట్ ఎత్తి, కూలెంటు పైపు ముట్టుకుని చెయ్యి విదిలించుకున్నాడు.

"కాలిపోతోంది! అంత ఐసు పోశావు, చల్లదనమంతా ఎటు పోతోంది?"

వెతికితే ట్యాంకు నుంచి ఇంకో పైపు దొరికింది. తివాచీ కింద దూరి, ముందుకు పాకి, పిన్ని సీటు లోపల చుట్టలు చుట్టుకుని పడుకుని ఉంది.

"ఇదేంటి అన్నయ్యా?"

బాబాయి నేల చూపులు చూశాడు. "ఈమధ్య మీ వదినకి ఉన్నట్టుండి ఒళ్లంతా ఆవిర్లొస్తున్నాయి. అడిగితే ఏం లేదంటుంది. చెయ్యి ఆనిస్తే నాకు తెలీదూ?"

పిన్ని మొహం ఎర్రబడింది. తర్వాత నవ్వాపుకోలేకపోయింది. "అందుకా! ఇంట్లో ఉక్కగా ఉందని రోజూ ఇందులో కూర్చుని పేపరు చదువుకుంటున్నా. మంచి సీటనుకున్నాను!"

మెకానిక్ బానెట్ దభీమని మూశాడు.

"పందెం పందెమే. ఇంక దీన్ని ముట్టుకోకు, నేను చూసుకుంటా." పైపుని మళ్లీ తివాచీ కిందకి తోశాడు. "సీటు సంగతి పందెంలో అనుకోలేదు. అది నీ ఇష్టం."

దిగేటప్పుడు బాబాయి తీరిగ్గా నడిపాడు. వెనక బస్సొకటి హారన్ మీద హారన్ కొట్టింది.

"దారివ్వండి," అని పిన్ని సీట్లో ఇంకాస్త వెనక్కి జారగిలబడింది. "పాపం, వాళ్లకి ఉక్కపోస్తోందేమో."