ఉమాదేవిగారు ఎంచిన స్నోబోర్డు

ఇస్త్రీపెట్టె కింద మైనం కరుగుతున్న వాసన సింగపూర్ బెడోక్‌లోని మా ఫ్లాటంతా నిండిపోయింది. యూనివర్సిటీ స్నేహితులతో జపాన్ బయలుదేరుతున్న మా అమ్మాయి, హాల్లో మంచు మీద జారే స్నోబోర్డును బోర్లా పెట్టి అడుగుకు మైనం పట్టిస్తోంది. టైల్స్ జారతాయని వాళ్ళమ్మ గొణుగుతోంది. నాకు మాత్రం ఆ వాసన తగిలితే చాలు, ఉమాదేవిగారు గుర్తొస్తారు. ఆవిడతో పాటు ఒక పాత అనుమానం కూడా లేచి కూర్చుంటుంది.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు పుట్టగొడుగుల్లా మొలుస్తున్న రోజుల్లో ఆవిడ నా మేనేజరు. అనంతపురం మనిషి. జపాన్‌లో క్లయింటు దగ్గర కొన్నేళ్ళు పనిచేసి, నలభై దాటాక అక్కడి కొండల మీద స్నోబోర్డు నేర్చుకున్నారు. నేను ఏ ప్రోగ్రామైనా బాగానే నడుస్తోందంటే, "ఎవరు చెప్పినారు? నువ్వు చూసినావా?" అనేవారు. అసలే నేను అనుమానప్పక్షిని. ఆవిడ దగ్గర చేరాక అది జబ్బు కాదు, ఉద్యోగం అయింది.

ఒకరోజు ఉన్నట్టుండి పిలిచి, జపాన్ ఉత్తరాన హొక్కైడోలో క్లయింటు ఆఫీసుకు నన్ను పంపుతున్నానన్నారు. సెలవు రోజుల్లో ఆ మంచులో పిచ్చెక్కకుండా ఉండాలంటే బోర్డు నేర్చుకోక తప్పదట, కొనడానికి తానే వెంట వస్తారట. నాకంటే సీనియర్లు ఉండగా నేనే ఎందుకు? పక్క సీటు రమేష్ హాకర్ సెంటర్‌లో నూడుల్స్ కలుపుతూ మెల్లగా అన్నాడు, "నిన్ను టీమ్‌లోంచి తప్పిస్తున్నార్రా. అక్కడ పని ఇవాళో రేపో అయిపోతుంది. ఆ తర్వాత ఇక్కడ నీ కుర్చీ ఉండదు." కుర్చీ పోతే ఇక్కడ ఉండనిచ్చే వర్క్ పాస్ పోతుంది, పాస్ పోతే పెట్టె సర్దుకోవాలి. కొత్తగా కాపురానికి వచ్చిన నా భార్య అప్పుడే సెంబవాంగ్‌లోని మా అద్దె ఇంట్లో కర్టెన్లు కుడుతోంది. బలిచ్చే ముందు మేకకు దండ వేసినట్టు నాకీ బోర్డేమిటని భయం పట్టుకుంది.

ఏడాది పొడుగునా చెమటలు కారే ఊళ్ళో మంచు సామాన్ల దుకాణం ఉండడమే నాకు అనుమానంగా తోచింది. అన్నిటికంటే పొడుగ్గా, గట్టిగా ఉన్న బోర్డు పట్టుకున్నాను. కొట్టు అంకుల్ "దిస్ వన్ బెటర్ లా" అంటూ ఇంకోటి చూపిస్తే, అమ్ముడుపోనిది అంటగడుతున్నాడనుకున్నాను. ఉమాదేవిగారు మాత్రం దాన్నే నా ముందు నిలబెట్టి గడ్డం దాకా వచ్చిందో లేదో చూశారు, నా బరువు అడిగారు, రెండు చేతులతో వంచి చూశారు. మరీ గట్టిదైతే కొత్తవాడికి లొంగదు, మరీ మెత్తదైతే వేగం అందుకోగానే వణుకుతుందట. బోర్డు ముక్కు కాస్త లేచి ఉంటే కొత్త మంచులో కూరుకుపోదట. "మంచు పొద్దున పిండి మాదిరి ఉంటాది, మధ్యాన్నానికి బురద, సాయంత్రానికి గాజు. కొండ ఒకటే. అన్నిట్లో నిన్ను నిలబెట్టేది కావాల" అన్నారు. అన్నిటికీ పనికొచ్చేది దేనికీ పనికిరాదేమోనని నేను లోపల గొణుక్కున్నాను.

బూట్ల దగ్గర నేను అలవాటుగా ఒక సైజు పెద్దది అడిగాను. మా ఇళ్ళల్లో చెప్పులెప్పుడూ వచ్చే ఏటి పాదానికే కొంటారు. ఆవిడ నన్ను మునివేళ్ళ మీద లేపారు. బూటు కదల్లేదు, మడమ మాత్రం లోపల పైకి లేచింది. "ఇంకా ఎదుగుతావా నువ్వు?" అన్నారు. వేళ్ళు ముందుకు ఆనే సైజు తొడిగించి, నేను వద్దంటున్నా వినకుండా కిందికి వంగి తాడు బిగిస్తున్నారు. ఇక ఉండబట్టలేక అడిగేశాను.

"నన్ను తప్పిస్తున్నారా మేడమ్?"

ఆవిడ తల ఎత్తలేదు. "అవును. తప్పిస్తాండా. ఎందుకని మాత్రం అడగొద్దు."

ఆ బోర్డును ఇంటికి మోసుకొచ్చానే గానీ, దాని ముఖం చూడబుద్ధి కాలేదు. హొక్కైడోలో పడ్డాను, లేచాను, మళ్ళీ పడ్డాను. చలికాలం ముగిసేలోపే కబురొచ్చింది. సింగపూర్‌లో మా టీమ్ మొత్తాన్ని ఒక్క పొద్దుటే ఇంటికి పంపేశారు. రమేష్ పోయాడు, ఉమాదేవిగారూ పోయారు. హొక్కైడో పని మాత్రం మిగిలింది. ఆవిడ అన్న మాటకు రెండో అర్థం అప్పుడు తట్టింది. కుర్చీలోంచి తప్పించడమే కాదు, ప్రమాదం నుంచి తప్పించడమూ తప్పించడమే.

వెంటనే ఫోన్ చేశాను. సంగతి ముందే తెలిసినా చెప్పే వీల్లేకపోయిందట. నన్నే ఎందుకు పంపారని అడిగితే, అక్కడ పక్కన ఎవరూ లేకుండా నెట్టుకురావాలి, ఎవరేం చెప్పినా తలూపేవాడు పనికిరాడన్నారు. బయటివాళ్ళు తిట్టే నా అనుమానపు గుణాన్ని ఒక మనిషి అలా మెచ్చుకోవడం నాకు అదే మొదటిసారి. కళ్ళు చెమర్చాయి. కానీ బుర్ర ఊరుకోదు కదా. జపనీస్ వచ్చినది ఆవిడకు. ఆ క్లయింటు తెలిసినదీ, ఆ కొండలు తెలిసినదీ ఆవిడకే. అక్కడ ఉన్నది ఒక్క సీటు.

"ఆ సీటు ముందు మీకే ఇచ్చారు కదా మేడమ్?" అన్నాను.

"లేదు. నీకే వచ్చింది" అన్నారు. నా భార్యను వేడినీళ్ళు తాగమని చెప్పమని, ఇంకో నాలుగు జాగ్రత్తలు చెప్పి ఫోన్ పెట్టేశారు.

ఆ తర్వాత చాలామందిని నమ్మడం నేర్చుకున్నాను. ఆవిడనైతే పూర్తిగా నమ్మాను. సీటు నాకే వచ్చిందన్న ఆ ఒక్క మాట మాత్రం ఇప్పటికీ నమ్మను.